రెండో ప్రశ్న: మంత్రిని అడిగే హక్కు మనకెలా వచ్చింది?

1923 డిసెంబరు. కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరుగుతున్నాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. దాని గేటు దగ్గర పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె వాలంటీరుగా నిలబడింది. టికెట్ లేకుండా ఎవరినీ లోపలికి పంపొద్దని పెద్దలు ఆమెకు చెప్పి వెళ్లారు. అంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆ అమ్మాయి ఆయన్ని ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి ఆమెను కోప్పడ్డారు. మీరు చెప్పిందే నేను చేస్తున్నానని ఆమె జవాబిచ్చింది. చివరికి వాళ్లే టికెట్ కొని ఇచ్చాక నెహ్రూ లోపలికి వెళ్లారు. ఆ అమ్మాయి ధైర్యాన్ని ఆయన మెచ్చుకున్నారు కూడా.

ఆ అమ్మాయే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది. ఈ కథ మన పిల్లలకు చాలా ఇష్టం. మీరు తరగతిలో చెప్పి చూడండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. కానీ కథ అయిపోయాక వాళ్లు తప్పకుండా ఒక మాట అడుగుతారు: "అంత పెద్దాయన్ని అలా అడగొచ్చా?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే. పెద్దవాళ్లను, అందులోనూ ప్రభుత్వం నడిపే మంత్రులను, అడిగే పద్ధతి ఒకటుంది. అది మనకు ఒక్కరోజులో రాలేదు. దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ చరిత్ర తెలిస్తే పిల్లలకు అసెంబ్లీ, పార్లమెంటు అంటే టీవీలో కనిపించే గోల మాత్రమే కాదని తెలుస్తుంది.

మన ఇళ్లలో సంగతి కూడా ఒకసారి ఆలోచించండి. "ఎదురు ప్రశ్నలు వేయకు" అని మనమందరం విని పెరిగినవాళ్లమే. అదే మాట మన పిల్లలతో అంటూంటాం. అసలు పిల్లలు మొదటి ప్రశ్న అడిగితే మనకు ముచ్చటగానే ఉంటుంది. మన జవాబు సరిగ్గా లేదని వాళ్లు రెండో ప్రశ్న అడిగినప్పుడే కోపం వస్తుంది. ప్రభుత్వాలదీ అదే తీరు. చట్టసభల చరిత్రలో అసలైన పోరాటమంతా ఈ రెండో ప్రశ్న కోసమే జరిగింది.

మొదటి ప్రశ్న వచ్చింది, రెండోది రాలేదు

బ్రిటన్ పార్లమెంటులో రికార్డుకెక్కిన మొదటి ప్రశ్న 1721లో ప్రభువుల సభలో వచ్చింది. సౌత్ సీ కంపెనీ వాటాల గాలిబుడగ పేలిపోయి వేలమంది నష్టపోయిన రోజులవి. ఆ కంపెనీ క్యాషియరు దేశం వదిలి పారిపోయాడట, నిజమేనా అని ఎర్ల్ కౌపర్ అనే సభ్యుడు ప్రభుత్వాన్ని అడిగాడు. గమనించారా? మొదటి ప్రశ్నే జనం డబ్బు గురించి.

మన దేశంలో 1861 చట్టంతో శాసన మండళ్లు వచ్చాయి గానీ, అందులో కూర్చున్న సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు లేదు. ప్రభుత్వం తెచ్చిన బిల్లు మీద మాట్లాడటం వరకే వాళ్ల పని. 1885లో కాంగ్రెస్ పుట్టినప్పటి నుంచి అడిగిన కోర్కెల్లో ప్రశ్నలు వేసే హక్కు ఒకటి. 1892 చట్టంతో అది దొరికింది. 1893 ఫిబ్రవరి 16న కేంద్ర శాసన మండలిలో భింగా రాజా మొదటి ప్రశ్న అడిగారు. అధికారులు ఊళ్ల మీదికి క్యాంపులకు వచ్చినప్పుడు వాళ్లకు సరుకులు సప్లై చేయడంలో పల్లెటూరి దుకాణదారులు పడే ఇబ్బందుల గురించి ఆయన అడిగారు. రాజావారు అడిగింది తన సంస్థానం గురించి కాదు, ఊళ్లో కొట్టు నడుపుకునేవాళ్ల గురించి. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

అయితే ఆ హక్కుకు ఒక కత్తెర ఉంది. ప్రశ్న ముందుగా రాసి ఇవ్వాలి. ప్రభుత్వం జవాబు చదువుతుంది. అంతే, అయిపోయింది. జవాబు సగమే ఉన్నా, అడిగింది ఒకటైతే చెప్పింది ఇంకొకటైనా, సభ్యుడు నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న వేసే వీల్లేదు.

1909లో మింటో–మార్లే సంస్కరణలు వచ్చాయి. అప్పుడు జవాబు విన్నాక వివరణ కోసం ఇంకో ప్రశ్న అడగొచ్చన్నారు. దీన్నే మనం అనుబంధ ప్రశ్న అంటాం. కానీ మొదటి ప్రశ్న అడిగిన సభ్యుడొక్కడే అడగాలి. పక్కవాడు లేవకూడదు. 1919 చట్టం తర్వాతే ఆ హక్కు సభ్యులందరికీ వచ్చింది. 1921 నుంచి సభ మొదలైన మొదటి గంటను ప్రశ్నలకే కేటాయించడం మొదలైంది. 1892 నుంచి 1921 దాకా లెక్క వేసుకోండి. ఒక్క ప్రశ్న నుంచి రెండో ప్రశ్నకు, ఒక్కడి నుంచి అందరికీ రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు.

ఇప్పుడు ఎలా జరుగుతుంది?

స్వతంత్రం వచ్చాక మంత్రులు ఎవరికి జవాబుదారీ అన్నది రాజ్యాంగమే చెప్పేసింది. 75వ అధికరణం ప్రకారం మంత్రివర్గం అంతా కలిసి లోక్‌సభకు బాధ్యత వహించాలి. అంటే జవాబు చెప్పడం మంత్రిగారి దయ కాదు, ఆయన ఉద్యోగంలో భాగం.

పద్ధతి ఇలా ఉంటుంది. లోక్‌సభలో ఉదయం 11 గంటలకు ప్రశ్నోత్తరాల సమయం. రాజ్యసభలో 2014 చివరి నుంచి దీన్ని మధ్యాహ్నం 12 గంటలకు మార్చారు. ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. పక్కన నక్షత్రం గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం గుర్తు లేనిదానికి కాగితం మీద జవాబిస్తారు, దానిమీద అనుబంధ ప్రశ్న ఉండదు. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి. ఎవరి ప్రశ్న ముందన్నది లాటరీ తీసి తేలుస్తారు. పెద్ద పార్టీ సభ్యుడైనా, ఒంటరిగా గెలిచొచ్చిన సభ్యుడైనా లాటరీలో సమానమే. శాఖలను ఐదు గుంపులుగా చేసి, వారంలో ఒక్కో రోజు ఒక్కో గుంపు మంత్రుల వంతు పెడతారు. కాబట్టి విదేశాంగ మంత్రికీ, రైల్వే మంత్రికీ ఏ రోజు జవాబు చెప్పాలో ముందే తెలుసు. మన రెండు రాష్ట్రాల శాసనసభల్లోనూ ఇదే తరహాలో ప్రశ్నోత్తరాలు ఉంటాయి.

చాలామంది తల్లిదండ్రులు "మంత్రులు జవాబు దాటేస్తారు కదా" అంటారు. నిజమే, దాటేస్తారు. "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అన్న వాక్యం పార్లమెంటు రికార్డుల్లో బోలెడన్నిసార్లు కనిపిస్తుంది. కానీ అలా అన్నాక కథ ముగియదు. అది మంత్రి ఇచ్చిన హామీ కింద లెక్క. అలాంటి హామీలన్నీ రాసిపెట్టుకుని, నెరవేర్చారా లేదా అని వెంటపడటానికే 1953లో లోక్‌సభ ప్రభుత్వ హామీల కమిటీ వేసింది. మామూలుగా మూడు నెలల్లో మాట నిలబెట్టుకోవాలి. ఇంట్లో "వచ్చే శుక్రవారం తీసుకెళ్తాలే" అని మనం పిల్లలకు ఇచ్చే మాటలు ఎవరైనా ఇలా రాసిపెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్రశ్నకు ధర కట్టినవాళ్లు

1951లో తాత్కాలిక పార్లమెంటులో హెచ్.జి. ముద్గల్ అనే సభ్యుడు ఉండేవారు. బొంబాయిలోని బంగారు వెండి వ్యాపారుల సంఘం దగ్గర డబ్బు తీసుకుని, వాళ్లకు పనికొచ్చేలా సభలో ప్రశ్నలు వేశారని ఆరోపణ వచ్చింది. ఆయన అధికార పార్టీ మనిషే. అయినా నెహ్రూ స్వయంగా విచారణ కమిటీ కోసం తీర్మానం పెట్టారు. ఐదుగురి కమిటీ. దాని అధ్యక్షుడు టి.టి. కృష్ణమాచారి. సభ్యుల్లో ఒకరు మన దుర్గాబాయి. కాకినాడ గేటు దగ్గర నెహ్రూను టికెట్ అడిగిన అమ్మాయి, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఢిల్లీలో, ప్రశ్నను అమ్ముకోవచ్చా అన్న విషయం తేల్చే కుర్చీలో కూర్చుంది. ముద్గల్ ప్రవర్తన సభ గౌరవానికి తగదని కమిటీ తేల్చింది. ఆయన్ని బహిష్కరించే తీర్మానం మీద చర్చ జరుగుతుండగానే ముద్గల్ రాజీనామా చేశారు.

2005 డిసెంబరులో అదే తప్పు మళ్లీ బయటపడింది. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్న 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది. పదిమంది లోక్‌సభ వాళ్లు, ఒకరు రాజ్యసభ. పిల్లలకు ఇక్కడ చెప్పాల్సిన నీతి సులువు. విలువ లేనిదాన్ని ఎవరూ డబ్బు పోసి కొనరు.

జనం పాలసీ డబ్బు ఎటు పోయింది?

1956లో ప్రైవేటు జీవిత బీమా కంపెనీలన్నిటినీ కలిపి ఎల్‌ఐసీ పెట్టారు. మరుసటి ఏడే, 1957లో, ఎల్‌ఐసీ దాదాపు కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టి హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలు కొంది. ఆ కంపెనీల పరిస్థితి అప్పటికే బాగాలేదు. నెలనెలా కడుపు కట్టుకుని ప్రీమియం కట్టిన మామూలు జనం డబ్బు అది.

ఈ సంగతి మీద 1957 సెప్టెంబరులో లోక్‌సభలో రామ్ సుభగ్ సింగ్ ప్రశ్న వేశారు. జవాబు సూటిగా రాలేదు. శీతాకాల సమావేశాల్లో మళ్లీ అడిగారు. అనుబంధ ప్రశ్నలు పడ్డాయి. ఒక్కో జవాబు ఇంకో ప్రశ్నకు దారి తీసింది. డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ లేచి, ఎల్‌ఐసీ తన పెట్టుబడుల కమిటీని అడగకుండానే ఈ డబ్బు పెట్టిందని సభ ముందు బయటపెట్టారు. ఫిరోజ్ గాంధీ ఎవరో తెలుసు కదా? అధికార పార్టీ ఎంపీ, ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు. జవాబు చెప్పాల్సిన ఆర్థిక మంత్రి ఎవరు? టి.టి. కృష్ణమాచారి. ఆరేళ్ల కిందట ముద్గల్ విచారణ కమిటీకి అధ్యక్షత వహించిన మనిషే.

అప్పుడు లోక్‌సభ స్పీకరు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. చిత్తూరు జిల్లా తిరుచానూరులో పుట్టినవారు. వకీలు కాకముందు లెక్కల మాస్టారుగా పనిచేశారు. పిల్లవాడు లెక్క తప్పు చేస్తే జవాబు ఒక్కటే చూసి కొట్టేయరు కదా, ఏ మెట్టు దగ్గర తప్పిందో చూస్తారు. అనుబంధ ప్రశ్న చేసే పని కూడా అదే. 1958 జనవరిలో జస్టిస్ చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. కొద్ది వారాల్లోనే ముగించారు. ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు. సొంత పార్టీవాళ్లే అడిగారు, అల్లుడే మామగారి ప్రభుత్వాన్ని నిలదీశాడు, దేశం కూలిపోలేదు. నిలదీయడం శత్రుత్వం కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పొరుగు దేశం సంగతులూ అడగొచ్చు

విదేశాంగం అనగానే అది పెద్దవాళ్ల రహస్యం, మనకెందుకు అన్న భావన చాలామందికి ఉంటుంది. కొంత నిజమే. దేశ భద్రతకు సంబంధించినవి చెప్పలేమని మంత్రి అనొచ్చు. అయినా అడిగే హక్కు మాత్రం ఉంది.

1950లలో లద్దాఖ్‌లోని అక్సాయ్‌చిన్ మీదుగా చైనా రోడ్డు వేసింది. ఆ సంగతి దేశానికి ఎప్పుడు తెలిసింది? 1959 ఆగస్టులో సరిహద్దు గొడవల మీద పార్లమెంటులో సభ్యులు అడుగుతుంటే, విదేశాంగ శాఖ కూడా తన దగ్గరే ఉంచుకున్న నెహ్రూ ఆ రోడ్డు ఉందని చెప్పారు. సెప్టెంబరులో చైనాతో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలను శ్వేతపత్రంగా సభ ముందు పెట్టారు. శ్వేతపత్రం అన్న మాట పిల్లలకు కొత్త. ఒక విషయం మీద ప్రభుత్వం తన దగ్గరున్న సమాచారాన్ని అధికారికంగా బయటపెట్టే పుస్తకం అని చెప్పండి, చాలు.

తర్వాతి కాలంలో ఈ విదేశాంగ కుర్చీలో తెలుగువాళ్లూ కూర్చున్నారు. కరీంనగర్ ప్రాంతం వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు 1980 నుంచి 1984 దాకా, మళ్లీ 1988–89లో విదేశాంగ మంత్రి. ప్రపంచ దేశాలతో మన సంబంధాల గురించి సభలో ఎవరు లేచి అడిగినా ఆయన జవాబు చెప్పాల్సిందే.

కష్టకాలం వస్తే మాత్రం మొదట కోత పడేది ఈ గంటకే. 1962లో చైనా యుద్ధమప్పుడు శీతాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాలు ఆపేశారు. 1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడూ ఆపేశారు. 2020లో కరోనా వచ్చినప్పుడూ ఆపేశారు. చివరిది మన ఖతార్ జీవితాలకు సూటిగా తగిలింది.

2020: ప్రశ్న లేని నెలలో తగ్గిన జీతం

మన ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వచ్చే కార్మికుల్లో చాలామంది పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అని ఉంటుంది. మామూలుగా పదో తరగతి పాసు కానివాళ్లకు ఇచ్చే పాస్‌పోర్టు అది. ఖతార్‌తో సహా కొన్ని దేశాలకు వాళ్లు పనికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం మన ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. ఇంతకంటే తక్కువ జీతానికి మా మనిషిని పంపం అని మన ప్రభుత్వం దేశాన్ని బట్టి, పనిని బట్టి ఒక అంకె పెడుతుంది. దాన్ని కనీస రిఫరల్ వేతనం అంటారు.

2020 ఆగస్టు చివర్లో ఖతార్ ప్రభుత్వం జాతి భేదం లేకుండా అందరు కార్మికులకూ కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లని చట్టం చేసింది. యజమాని తిండి, వసతి ఇవ్వకపోతే తిండికి 300, వసతికి 500 అదనం. 2021 మార్చి 20 నుంచి అది అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజుల్లో, 2020 సెప్టెంబరులో, మన దేశం వైపు నుంచి ఇంకో కాగితం వచ్చింది. గల్ఫ్ దేశాలకు కనీస రిఫరల్ వేతనాలు తగ్గిస్తూ సర్క్యులర్లు. ఖతార్‌కు 200 డాలర్లు. అంటే 728 రియాళ్లు. ఈ దేశం తన చట్టంలో రాసుకున్నదాని కంటే మన దేశం మనవాళ్లకు పెట్టిన అంకె తక్కువ! కరోనాలో ఉద్యోగాలు పోకుండా ఉండటానికి ఇలా చేశామన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

ఆ సెప్టెంబరులోనే పార్లమెంటు వర్షాకాల సమావేశాలు జరిగాయి. కరోనా వల్ల ప్రశ్నోత్తరాల గంట లేదు. కాగితం మీద ప్రశ్న, కాగితం మీద జవాబు మాత్రమే. అంటే రెండో ప్రశ్నకు చోటు లేదు. ఆ ఏడాది శీతాకాల సమావేశాలు అసలు జరగలేదు. మళ్లీ సభలో మంత్రిని నిలబెట్టి అడిగే గంట 2021 బడ్జెట్ సమావేశాల్లో గానీ రాలేదు.

ఈ లోపు తెలంగాణలోని గల్ఫ్ కార్మిక సంఘాలు ఊరుకోలేదు. హైకోర్టుకు వెళ్లాయి, ధర్నాలు చేశాయి, ఎంపీలకు వినతిపత్రాలు ఇచ్చాయి. పార్లమెంటులో ప్రశ్నలు పడ్డాయి. చివరికి 2021 జులైలో, 2019–20లో ఉన్న పాత వేతనాలనే కొనసాగిస్తామని విదేశాంగ శాఖ పార్లమెంటుకు జవాబిచ్చింది.

ఇది ప్రశ్నోత్తరాల వల్లే జరిగిందని పిల్లలకు చెప్పకండి, అది అతిశయోక్తి అవుతుంది. కోర్టు ఉంది, సంఘాలు ఉన్నాయి, పత్రికలు ఉన్నాయి. కానీ ఒక్క మాట చెప్పొచ్చు. లేబర్ క్యాంపులో ఉండే జగిత్యాల మనిషి జీతం, అతను ఎన్నడూ చూడని ఢిల్లీ భవనంలో ఎవరైనా లేచి అడుగుతారా లేదా అన్నదాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. దోహాలో ఏసీ కార్లో తరగతికి వచ్చే మన పిల్లలకు ఈ ముడి తెలియాలి. మనం తాగే టీ తెచ్చి ఇచ్చేవాడు, మన ఇంటి లిఫ్టు బాగుచేసేవాడు మన జిల్లావాడే కావచ్చు.

మనం ఉన్న నేల మీద

పిల్లలు ఇక్కడి బళ్లలో ఖతార్ చరిత్ర చదువుతారు. కాబట్టి ఇక్కడి పద్ధతి కూడా తెలిసి ఉండటం మంచిది. ఖతార్‌లో షూరా కౌన్సిల్ 1972లో ఏర్పడింది. షూరా అంటే సంప్రదింపు. ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత 2004లో జారీ అయిన రాజ్యాంగంలో 109వ అధికరణం ఉంది. దాని ప్రకారం ప్రతి సభ్యుడూ ప్రధానిని గానీ, మంత్రిని గానీ వాళ్ల పరిధిలోని విషయాల మీద వివరణ అడగొచ్చు. జవాబు మీద తిరిగి మాట్లాడే హక్కు అడిగిన సభ్యుడికే, అదీ ఒక్కసారే. ఇంతకంటే గట్టిగా నిలదీయాలంటే 110వ అధికరణం ప్రకారం మూడోవంతు సభ్యులు ఒప్పుకోవాలి.

109లోని ఆ చివరి నియమం మీకు ఎక్కడో విన్నట్టు లేదూ? 1909లో మన మండళ్లలో వచ్చిన నియమం దాదాపు ఇదే. చదువుతున్నప్పుడు ఈ పోలిక పిల్లలకు చూపించండి. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని కాదు. ఒక్కో దేశం ఈ రెండో ప్రశ్నకు ఎంత చోటివ్వాలో తనదైన తీరులో నిర్ణయించుకుంటుంది.

2021 అక్టోబరు 2న షూరాలోని 45 స్థానాల్లో 30కి మొదటిసారి ఎన్నికలు జరిగాయి. 2024 నవంబరులో మరో ప్రజాభిప్రాయ సేకరణతో రాజ్యాంగం మార్చి, సభ్యులందరినీ అమీర్ నియమించే పద్ధతికి తిరిగి వెళ్లారు. పొరుగున కువైట్‌లో 1962 నాటి రాజ్యాంగంతోనే మంత్రులను ప్రశ్నించే సంప్రదాయం ఉండేది. అక్కడ నిలదీతను ఇస్తిజ్వాబ్ అంటారు. మన కడప, గోదావరి జిల్లాలవాళ్లకు ఈ పదం టీవీ వార్తల్లో విని అలవాటే. 2024 మేలో అక్కడ జాతీయ అసెంబ్లీని రద్దు చేశారు. మనం ఇక్కడ అతిథులం. ఈ దేశాల రాజకీయం మీద తరగతిలో వాదనలు పెట్టొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు.

మరి మనకు ఎవరిని అడిగే వీలుంది? 2010 సవరణ ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు సొంత ఊళ్లో ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, కానీ పోలింగ్ రోజు స్వయంగా వెళ్లి ఓటేయాలి. అది అందరికీ కుదరదు. ఉత్తరం రాయడానికి మాత్రం ప్రయాణం అక్కర్లేదు. మన నియోజకవర్గం ఎంపీకి ఫలానా సంగతి అడగండి అని రాయొచ్చు. ఎంపీలు అడిగే ప్రశ్నలకు ఇలాంటి ఉత్తరాలు కూడా మూలం కావచ్చు.

తరగతిలో ఇలా చేయించండి

పదేళ్లు దాటిన పిల్లలతో ఒక ప్రశ్నోత్తరాల గంట పెట్టండి. మంత్రులుగా టీచర్లు, నిర్వాహక కమిటీవాళ్లు కూర్చోవాలి. పిల్లలే సభ్యులు. ఒకరిని స్పీకరు చేయండి. దేశ రాజకీయాలు వద్దు. మన బడి సంగతులే చాలు: లైబ్రరీకి కొత్త పుస్తకాలు ఎప్పుడు వస్తాయి, ఉగాది కార్యక్రమంలో పాటలకే తప్ప పద్యాలకు ఎందుకు చోటు లేదు, ఫీజు డబ్బు దేనికి ఖర్చవుతోంది. నవ్వకండి, చివరి ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు సిద్ధం చేసుకుని రండి.

ప్రశ్న ఎలా రాయాలో లోక్‌సభ నియమాల నుంచే నేర్పండి. 150 మాటలు దాటకూడదు. వాదన, వెటకారం, నింద ఉండకూడదు. "మీ అభిప్రాయం ఏమిటి" అని అడగకూడదు, సంగతి అడగాలి. మనిషి గుణం గురించి కాదు, అతను చేసిన పని గురించి అడగాలి. ఈ నాలుగు నియమాలు పాటించి ఒక్క ప్రశ్న తెలుగులో రాస్తే, పిల్లలకు వ్యాకరణం పాఠం కూడా అయిపోయినట్టే. "గారు", "అండీ", "తెలియజేయగలరా" లాంటి మర్యాద మాటలు ఎక్కడ వాడాలో వాళ్లకే తెలుస్తుంది. మర్యాదగా అడగడం వేరు, భయపడి అడగకపోవడం వేరు అని అప్పుడు అర్థమవుతుంది.

ఒక్క షరతు మాత్రం కచ్చితంగా పెట్టండి. ప్రతి జవాబు తర్వాత కనీసం ఒక అనుబంధ ప్రశ్న ఉండాలి. మొదట పిల్లలు తడబడతారు. జవాబు శ్రద్ధగా వింటేనే రెండో ప్రశ్న పుడుతుంది కదా. వినడం అక్కడే నేర్చుకుంటారు. టీచరు "చూస్తాం" అంటే, ఒక పిల్లవాడు దాన్ని హామీల పుస్తకంలో తేదీతో రాయాలి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం తీసి అందరి ముందూ చదవండి. నెరవేరని హామీ ఉంటే, సిగ్గుపడకుండా కారణం చెప్పండి.

తల్లిదండ్రులు ఇంట్లో కూడా ఒకటి చేయొచ్చు. రాత్రి భోజనాల దగ్గర వాళ్లు మొదటి ప్రశ్న అడిగినప్పుడు మీకు తోచిన జవాబు చెప్పండి. రెండోది అడిగినప్పుడు "ఎదురు ప్రశ్నలు వేయకు" అన్న మాట నోటిదాకా వస్తుంది. అప్పుడు కాకినాడ గేటు గుర్తు చేసుకుని, ఆ రెండో ప్రశ్నకు కూడా జవాబు చెప్పండి.